వడ్డీ వద్దన్న ఖాతాదారుకు కౌంటర్‌లో ఏం జవాబు చెబుతున్నాం? — బ్యాంకు శిక్షణ కళాశాలలకు ఒక బహిరంగ లేఖ

ప్రభుత్వ రంగ బ్యాంకుల శిక్షణ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, మానవ వనరుల విభాగాల జనరల్ మేనేజర్లకు నమస్కారాలతో రాయునది.

అయ్యా, అమ్మా,

ముప్పై నాలుగేళ్లు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేసి, అందులో చివరి పదేళ్లు నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల శాఖల్లో మేనేజరుగా ఉండి, 2020లో పదవీ విరమణ చేసినవాడిని నేను. ఆ మధ్యకాలంలో మీ తరగతి గదుల్లో పదకొండు సార్లు కూర్చున్నాను. పంట రుణాలు, కేవైసీ, మొండి బకాయిల వసూలు, కంప్యూటర్ భద్రత, ఖాతాదారుతో చిరునవ్వుతో మాట్లాడే విధానం, ఆఖరికి ఒత్తిడి తగ్గించుకునే ప్రాణాయామం కూడా నేర్పించారు. అందుకు కృతజ్ఞుణ్ని. అయితే నా శాఖకు నెలకు నాలుగైదు సార్లయినా వచ్చే ఒక ప్రశ్నకు జవాబు మాత్రం ఆ పదకొండు తరగతుల్లో ఎక్కడా వినలేదు. "సాబ్, వడ్డీ తగలకుండా డబ్బు దాచుకునే దారి మీ బ్యాంకులో ఉందా?" అన్నదే ఆ ప్రశ్న.

ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం; ఆ నియమానికి లోబడి, వడ్డీ లేకుండా నడిచేవే ఇస్లామిక్ బ్యాంకులు. మన దేశంలో అవి తెరవాలా వద్దా అన్నది ఈ లేఖ విషయం కాదు. అది రిజర్వు బ్యాంకు, కేంద్ర ప్రభుత్వం, పార్లమెంటు తేల్చవలసిన సంగతి. ఇస్లామిక్ బ్యాంకింగ్ అంటే ఏమిటో, ఏమి కాదో, మన చట్టం దాన్ని ఎక్కడ ఆపుతుందో కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగికి తెలిసి ఉండాలన్నదే నా విన్నపం. తెలియకపోతే జరిగే నష్టం చిన్నది కాదని అనుభవం మీద చెబుతున్నాను. ఆ నష్టంలో నా వాటా కూడా ఉంది.

మా శాఖకు ఒక పెద్దాయన వచ్చేవారు. బోధన్ వైపు కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఆయనది. అప్పట్లో పొదుపు ఖాతాకు వడ్డీ ఆర్నెల్లకోసారి పడేది. పడిన వారంలోపు ఆయన పాస్‌బుక్ పట్టుకుని వచ్చి, ముద్రణ వేయించుకుని, కళ్లజోడు పైకెత్తి వడ్డీ ఎంతో చూసుకుని, అణా పైసలతో సహా అంతే మొత్తానికి డబ్బు తీసే ఫారం నింపేవారు. ఒకసారి అది 1,187 రూపాయలు. కౌంటర్‌లో ఉన్న కుర్రవాడు నవ్వి, "చాచా, ఊరికే వచ్చే డబ్బు మీద ఇంత కోపమెందుకు? వద్దంటే నాకివ్వండి" అన్నాడు. క్యూలో ఉన్నవాళ్లూ నవ్వారు. పెద్దాయన నొచ్చుకున్నట్టు కనబడలేదు గానీ, "ఇది నాది కాదు బేటా. నాది కాదు కాబట్టి నేనిస్తే దానం కూడా కాదు. లేనివాళ్లకు చేర్చి చేతులు కడుక్కోవడమే" అన్నారు. వడ్డీ సొమ్మును పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయమని ఎందరో మతపండితులు చెబుతారని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఆ రోజు నేను కూడా క్యాబిన్‌లో కూర్చుని నవ్వినవాణ్నే.

2015లో ఆయన కొడుకు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి నన్ను కలిశాడు. అక్కడ తాను మీసాక్ అనే విభాగం నుంచి కారు తీసుకున్నానని, బ్యాంకు ముందు కారు తానే కొని, ఆపైన లాభం ఇంత అని చెప్పి తనకు వాయిదాల మీద అమ్మిందని వివరించి, నాన్న పేరున ఇక్కడ అలాంటిదేమైనా ఉందా అని అడిగాడు. ఒమన్‌లో ఇస్లామిక్ బ్యాంకులు పని మొదలుపెట్టిందే 2013లో. అంతకుముందు ఆ దేశంలోనూ అన్నీ మన వంటి బ్యాంకులే. మీసాక్ కూడా బ్యాంక్ మస్కట్ అనే మామూలు బ్యాంకు తెరిచిన ఇస్లామిక్ విభాగమే. అంటే నిన్నటిదాకా వడ్డీ లెక్కలు వేసిన ఉద్యోగుల దేశంలోనే ఈ కొత్త పద్ధతి నేర్చుకుని నడిపేవాళ్లు తయారయ్యారన్నమాట. నాకు అదేమీ తెలియదు. "అవన్నీ ఉత్త వడ్డీ లేని రుణాలయ్యా, మన దగ్గర నిషేధం" అని చెప్పి పంపించేశాను. ఒక్క వాక్యంలో రెండు తప్పులు.

మొదటి తప్పు ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలియంది కాదు. మన రెండు రాష్ట్రాల్లో బ్యాంకు ఉద్యోగికి "వడ్డీ లేని రుణం" అన్న మాట వినబడగానే డ్వాక్రా సంఘాలు గుర్తుకొస్తాయి. 2004 తరువాత పావలా వడ్డీ, 2012లో ఉమ్మడి రాష్ట్రంలో వడ్డీ లేని రుణాలు, 2020లో ఆంధ్రప్రదేశ్‌లో సున్నా వడ్డీ — ఇవన్నీ మన చేతుల మీదుగా నడిచినవే. వాటిలో వడ్డీ లేకపోవడమన్నది ఉండదు. మహిళ కట్టవలసిన వడ్డీని ప్రభుత్వం కడుతుంది, బ్యాంకుకు రావలసింది బ్యాంకుకు వస్తుంది. ఆ అలవాటు మీద ఇస్లామిక్ బ్యాంకు అన్న పేరు వింటే, "మరి వీళ్లకు వడ్డీ ఎవరు కడతారు? మన పన్నుల సొమ్మా?" అన్న అనుమానం సహజంగానే వస్తుంది. మా శాఖలో భోజనాల వేళ జరిగిన చర్చల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క అనుమానం చుట్టూనే తిరిగేవి. ఈ బ్యాంకులు ధర్మసత్రాలని ఒకరు, ముస్లింలకు తప్ప మరెవరికీ అప్పివ్వరని ఇంకొకరు, టీవీలో ఏదో చూసి ఉగ్రవాదం దాకా వెళ్లినవారు మరొకరు. ఆఖరి మాటకు జవాబుగా ఒక్క సంగతి చాలు: 2014లో బ్రిటన్ ప్రభుత్వమే ఇరవై కోట్ల పౌండ్ల సుకూక్ జారీచేసింది, అంటే వడ్డీ బదులు అద్దె రాబడి పంచే ప్రభుత్వ పత్రాలు అమ్మింది. ఇక మలేషియాలో ఈ బ్యాంకుల ఖాతాదారుల్లో చైనీయులు, తమిళులు కూడా ఉంటారు; ధర నచ్చితే తీసుకుంటారు, లేకపోతే లేదు.

విచిత్రమేమిటంటే, ఈ పద్ధతులన్నిటికీ మన ఊళ్లలో ఏనాటి నుంచో పేర్లున్నాయి. అరబ్బీ పదాలు చూసి బెదిరిపోతాం గానీ, చేబదులు తెలియని తెలుగువాడుంటాడా? అవసరానికి ఇచ్చి, ఇచ్చినంతే తీసుకునేది చేబదులు. దాన్నే వాళ్లు ఖర్జె హసనా అంటారు. ఎరువుల దుకాణంలో యూరియా బస్తాకు రొక్కం ధర ఒకటి, ఉద్దెర ధర ఒకటి ఉంటుంది. ఉద్దెర ధరలోని ఆ తేడాను, కొన్నది ఇంతకు, అమ్మేది ఇంతకు అని దాచకుండా ముందే చెప్పి ఖాయం చేసుకుంటే అది మురాబహా అవుతుంది. తెలంగాణ పల్లెల్లో మేకలను పాలుకిస్తారు: మేకలు ఒకరివి, మేత, కాపలా మరొకరివి, పుట్టిన పిల్లల్లో చెరి సగం. రోగం వచ్చి మేకలు చస్తే ఇచ్చినవాడికి మేకలు పోతాయి, మేపినవాడికి చాకిరీ పోతుంది. కాపరి నిర్లక్ష్యం లేనంతవరకు అతడి మీద అప్పు పడదు. పెట్టుబడి ఒకరిది, శ్రమ మరొకరిది అయిన ముదారబా ఒప్పందం సారమంతా ఈ మేకల మందలో ఉంది. ఇద్దరూ పెట్టుబడి పెడితే ముషారకా, వస్తువును అద్దెకిస్తే ఇజారా. మీ తరగతిలో రైతుబిడ్డలే ఎక్కువ కాబట్టి, అరబ్బీ పట్టికతో కాకుండా మేకలతో మొదలుపెడితే అరగంటలో అందరికీ అర్థమవుతుందని నా నమ్మకం.

చదువుకున్న ఉద్యోగులు, ముఖ్యంగా క్రెడిట్ విభాగంలో పనిచేసేవాళ్లు, వేసే ప్రశ్న వేరు. "పేరు మార్చిన వడ్డీయే కదా?" అంటారు. ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. మీ తరగతిలో అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి.

ఎనభై వేల రూపాయల మోటారుసైకిలు ఉందనుకుందాం. మన బ్యాంకయితే ఎనభై వేలు అప్పిస్తుంది, తగ్గుతున్న బాకీ మీద వడ్డీ వేస్తుంది, బండి మొదటి నుంచీ ఖాతాదారుది, బ్యాంకుకు దాని మీద హక్కు మాత్రమే ఉంటుంది. మురాబహాలో బ్యాంకు ఆ బండిని డీలరు దగ్గర తానే కొని, తొంభై వేలకు, నెలకు 3,750 చొప్పున 24 వాయిదాల మీద అమ్ముతుంది. కట్టేవాడి జేబు నుంచి చూస్తే రెండింటికీ తేడా కనబడదు. బ్యాంకు వైపు నుంచి చూస్తే కనబడుతుంది. కొన్నాక, అమ్మేలోపు బండి కాలిపోతే నష్టం బ్యాంకుది. అమ్మిన తరువాత ధర తొంభై వేలే. మార్కెట్‌లో రేట్లు పెరిగినా, వాయిదా తప్పినా అది తొంభై ఒక వేయి కాదు. కావాలని ఎగ్గొట్టేవాణ్ని దారిలో పెట్టడానికి జరిమానా వేయవచ్చు గానీ, సాధారణంగా ఆ సొమ్మును బ్యాంకు తన లాభంలో కలుపుకోకుండా ధర్మకార్యాలకు ఇవ్వాలి.

ఈ ఆఖరి అంశం మన ఉద్యోగులకు మరీ కొత్తది కాదు. అపరాధ వడ్డీని ఆదాయ మార్గంగా వాడుకోవద్దని, దాన్ని వడ్డీగా కాక రుసుముగానే వసూలు చేయాలని, దాని మీద మళ్లీ వడ్డీ వేయవద్దని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. కొత్త రుణాలకు అది 2024 ఏప్రిల్ నుంచి అమలైంది. ఆ సర్క్యులర్‌ను శాఖల్లో అందరూ చదివి, సాఫ్ట్‌వేర్ మార్పుల కోసం తలపట్టుకున్నారని పాత సహోద్యోగులు చెప్పారు. అలాగే "సున్నా శాతం వడ్డీ" అని ఫోన్లు, ఫ్రిజ్‌లు అమ్మే వాయిదా పథకాలను తప్పుపడుతూ, అసలు సున్నా వడ్డీ అన్నదే ఉండదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచవద్దని 2013 సెప్టెంబరులో అదే రిజర్వు బ్యాంకు చెప్పింది. ధరలో కలిపిన లాభాన్ని దాచకుండా చెప్పాలన్న మురాబహా నియమం, ఈ సర్క్యులర్ వేర్వేరు చోట్ల పుట్టినా ఒకే జబ్బుకు మందు వెతికాయి. ఇలాంటి పోలికలు చెబితే ఉద్యోగి ఆసక్తిగా వింటాడు.

విమర్శకు న్యాయం చేయాలి కూడా. చాలా ఇస్లామిక్ బ్యాంకులు తమ లాభశాతాన్ని మార్కెట్ వడ్డీ రేట్లను చూసే నిర్ణయిస్తాయి. లాభనష్టాలు పంచుకునే ముదారబా కంటే, రాబడి ముందే తెలిసే మురాబహా మీదే ఎక్కువ ఆధారపడతాయి. లోహాలను కాగితం మీద కొని, కాగితం మీదే అమ్మి చేతికి రొక్కమిచ్చే తవర్రుఖ్ పద్ధతిని బ్యాంకులు వ్యవస్థగా నడపడం చెల్లదని ఇస్లామిక్ ధర్మశాస్త్ర పండితుల సంస్థ అయిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీయే 2009లో తీర్మానించింది. అంటే "పేరు మార్చిన వడ్డీ" అన్న వాదన బయటివాళ్ల ఎగతాళి కాదు, లోపలివాళ్ల మధ్య నడుస్తున్న తగాదా. ఇది తెలిసిన ఉద్యోగి ఎవరినీ నొప్పించకుండా మాట్లాడగలడు, తెలియనివాడు వెక్కిరిస్తాడు.

ఇక నా రెండో తప్పు: "మన దగ్గర నిషేధం." నిజానికి ఇస్లామిక్ బ్యాంకింగ్‌ను పేరుపెట్టి నిషేధించిన చట్టమేదీ మనకు లేదు. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం నిర్మాణం దానికి చోటివ్వదు, అంతే. 5(బి) సెక్షన్ ప్రకారం డిపాజిట్ అంటే తిరిగి చెల్లించవలసిన సొమ్ము. నష్టం వస్తే నీ సొమ్మూ తగ్గుతుంది అన్న ముదారబా ఖాతా ఆ నిర్వచనంలో ఇమడదు. 8వ సెక్షన్ బ్యాంకును సరుకుల కొనుగోలు, అమ్మకాల నుంచి దూరంగా ఉంచుతుంది, కాబట్టి మోటారుసైకిలు కొని అమ్మే వీలు లేదు. (బంగారు కడ్డీలకు మాత్రం ఆ సెక్షన్‌లోనే మినహాయింపుంది. పసిడి అమ్మవచ్చు, బియ్యం అమ్మరాదు.) 9వ సెక్షన్ సొంత అవసరానికి కాని స్థిరాస్తిని ఏడేళ్లకు మించి ఉంచుకోనివ్వదు, ఇరవై ఏళ్ల ఇంటి ఇజారా అక్కడే ఆగిపోతుంది. పైగా ఇల్లు ముందు బ్యాంకు పేరున, తరువాత ఖాతాదారు పేరున రిజిస్టరయితే స్టాంపు సుంకం రెండుసార్లు కట్టాలి. బ్రిటన్ ఈ ఇబ్బందిని గమనించి 2003లో రెండో సుంకాన్ని తీసేసింది. ఇవేవీ మతం గురించిన సెక్షన్లు కావు, బ్యాంకు వ్యాపారి కాకూడదన్న పాత జాగ్రత్తలు. ఈ మాట అలా చెబితే ఎదుటివాడు తననెవరో గెంటేసినట్టు బాధపడడు.

రిజర్వు బ్యాంకు దీన్ని పట్టించుకోలేదనడం కూడా సరికాదు. 2005లో ఆనంద్ సిన్హా నాయకత్వంలో వేసిన బృందం ప్రస్తుత చట్టాల కింద ఇది కుదరదని చెప్పింది. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను పెద్ద ఎత్తున, బ్యాంకుల ద్వారా కూడా అందించాలని సూచించింది. విశ్వాసం కారణంగా బ్యాంకులకు దూరంగా ఉన్నవారిని లోపలికి తేవడం దాని ఉద్దేశం. 2015 డిసెంబరులో దీపక్ మొహంతి కమిటీ మామూలు బ్యాంకుల్లోనే ప్రత్యేక వడ్డీ రహిత విండోలు తెరవవచ్చని రాసింది. చివరకు 2017 నవంబరులో, సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా, పౌరులందరికీ బ్యాంకింగ్ సేవలు పొందే విస్తృతమైన, సమానమైన అవకాశాలున్నందున ఈ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోకూడదని నిర్ణయించినట్టు రిజర్వు బ్యాంకు తెలిపింది. పన్నెండేళ్లపాటు మన నియంత్రణ సంస్థ తర్జనభర్జన పడిన విషయం మీద, ఆ పన్నెండేళ్లలో మాకు ఒక్క పేజీ నోట్ రాలేదు. నిర్ణయం వ్యతిరేకంగా వచ్చింది కదా, ఇంకెందుకు పాఠం అంటారేమో. వద్దన్న విషయాన్ని ఎందుకు వద్దన్నారో వివరించవలసింది కౌంటర్‌లో ఉన్నవాడే కదా.

ఆ కౌంటర్‌లో మేం చేసిన మరో పని చెప్పుకోవాలి. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా మా శాఖలో ఉన్న ఒకే ఒక్క ముస్లిం క్లర్కు వైపు వేలు చూపించేవాళ్లం. ఒకనాడు అతను నా క్యాబిన్‌లోకి వచ్చి, "సార్, నేనూ మీలాగే బీకాం చదివి, మీలాగే పరీక్ష రాసి వచ్చాను. నాకూ అప్పు అంటే అసలూ వడ్డీయే తెలుసు. నమాజు చేస్తానని నన్నే అడిగితే ఎలా?" అన్నాడు. అతనిలో కోపం లేదు, అలసట ఉంది. తన ఇంటి రుణం కూడా మా బ్యాంకులోనే, వడ్డీకే. మతాన్ని బట్టి జ్ఞానాన్ని అంచనా వేయడం ఖాతాదారు విషయంలోనే కాదు, సహోద్యోగి విషయంలోనూ అన్యాయమని నాకు తోచింది ఆ రోజే.

ఇప్పుడు అసలు నష్టం గురించి. నేను "నిషేధం" అని పంపించేసిన ఏడాదిన్నరకు ఆ కుట్టుమిషన్ల పెద్దాయన తన ఖాతాలోంచి, కొడుకు పంపిన సొమ్ములోంచి కలిపి ఆరు లక్షలు డ్రాఫ్టు తీయించుకున్నారు. ఎవరి పేరున అని అడిగితే రంగుల కరపత్రం చూపించారు. పైన అరబ్బీ అక్షరాలు, కింద "హలాల్ వ్యాపారం, వడ్డీ కాదు, లాభం", లక్షకు నెలకు మూడు వేలు గ్యారంటీ. నేను అలవాటు ప్రకారం "జాగ్రత్త చాచా, ఇంత వడ్డీ ఎవరిస్తారు?" అన్నాను. ఆయన జాలిగా చూసి, "వడ్డీ కాదు సాబ్, లాభం. మీకు తెలియదులెండి" అన్నారు. నిజమే, నాకు తెలియదు. నాలుగు నెలలు డబ్బు వచ్చింది. ఐదో నెల ఆ కార్యాలయానికి తాళం పడింది.

ఆనాడు నాకు ముదారబా గురించి నాలుగు ముక్కలు తెలిసి ఉంటే, ఆయన నమ్మే భాషలోనే ఒక్క ప్రశ్న అడిగి ఉండేవాణ్ని: "చాచా, వ్యాపారంలో లాభమైతే నెలనెలా ఒకే మూడు వేలు ముందే ఎలా ఖాయం చేస్తారు? అసలుకు గ్యారంటీ, లాభానికి గ్యారంటీ ఇస్తే అది మీ నియమం ప్రకారమే వడ్డీ కదా?" ముదారబాలో లాభాన్ని నిష్పత్తిగా చెప్పవచ్చు, పెట్టుబడి మీద ఖాయమైన మొత్తంగా చెప్పకూడదు, ఇది ఆ పద్ధతికి ప్రాణం. పాలుకిచ్చిన మేకలు ఏడాదికి కచ్చితంగా ఎనిమిది పిల్లలు పెడతాయని ఎవడైనా రాసిస్తే నవ్వమా? హలాల్ పేరున ఖాయమైన నెలసరి రాబడి చూపించే ప్రతి కరపత్రమూ తన అబద్ధాన్ని తానే బయటపెట్టుకుంటుంది. దాన్ని చదవగలిగినవాడు కౌంటర్‌లో లేడు. మన "జాగ్రత్త"లను ఆయన నమ్మలేదంటే, తన విశ్వాసం గురించి ఏమీ తెలియనివాడి మాటగా విన్నారు కాబట్టి.

ఇది ఒక్క పెద్దాయన కథ కాదు. ఇలాగే హలాల్ రాబడి పేరున డబ్బు సేకరించిన సంస్థల్లో, 2018లో హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూప్ మీద, 2019 జూన్‌లో బెంగళూరు ఐఎంఏ మీద మదుపరుల ఫిర్యాదులు వెల్లువెత్తిన సంగతి మీరంతా పత్రికల్లో చదివారు. (అగ్రిగోల్డ్‌లో డబ్బు పెట్టినవాళ్లు ఏ మతాన్ని చూసి పెట్టారు? ఎర ఏదైనా గాలం ఒకటే. కానీ ఎరను బట్టి హెచ్చరిక ఉండాలి.) ఆ సొమ్ములో ఎంతో భాగం బ్యాంకు ఖాతాల్లోంచే, మనవాళ్ల చేతుల మీదుగానే బయటికి వెళ్లి ఉంటుంది.

పైగా వడ్డీ వద్దన్నవారికి చెప్పడానికి మన దగ్గర ఏమీ లేదన్నది కూడా నిజం కాదు. కరెంటు ఖాతాకు వడ్డీ ఉండదు. కనీస నిల్వ, రుసుముల సంగతి ముందే చెప్పి, కావాలన్నవారికి తెరవవచ్చు. మ్యూచువల్ ఫండ్ల అల్మారాలో టాటా ఎథికల్ ఫండ్, టారస్ ఎథికల్ ఫండ్, నిఫ్టీ 50 షరియా (ఇస్లాం ధర్మశాస్త్రం) సూచీని అనుసరించే ఈటీఎఫ్, అంటే షేరు మాదిరిగా కొనుక్కునే ఫండ్, ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. అవి బ్యాంకుల షేర్లు, మద్యం, పొగాకు, జూదం కంపెనీలు, అప్పులు మితిమీరిన కంపెనీలు కొనవు. ఫండ్లు అమ్మే ధ్రువపత్రం గోడకు తగిలించుకున్న మా ఉద్యోగుల్లో ఒక్కరూ వీటి పేరు చెప్పగా నేను వినలేదు, నేనూ చెప్పలేదు. మార్కెట్‌లో నష్టం రావచ్చన్న హెచ్చరిక ఎలాగూ తప్పదు. కానీ "మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కింద ఉన్నది ఇది, ఎవరి కిందా లేనిది అది" అన్న తేడా చెప్పగలిగితే ఆ ఆరు లక్షల్లో కొంతైనా ఇటు మళ్లేది. బ్యాంకు డిపాజిట్‌కు ఐదు లక్షల దాకా బీమా ఉందని, కరపత్రం సంస్థకు అది ఉండదని, అనుమానం వస్తే రిజర్వు బ్యాంకు వారి సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చని, 2019 నుంచి అనియంత్రిత డిపాజిట్లను నిషేధించే కేంద్ర చట్టం ఉందని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

మతానికి సంబంధించిన విషయాన్ని ప్రభుత్వ బ్యాంకు తరగతిలో ఎలా చెబుతాం అని మీలో కొందరు సందేహించవచ్చు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే హిందూ అవిభక్త కుటుంబం ఖాతా ఎలా తెరవాలో, కర్త సంతకానికి విలువేమిటో, దేవాదాయ ఖాతాలకు, వక్ఫ్ ఖాతాలకు ఎవరి తీర్మానం కావాలో నేర్పారు. అప్పుడు ఎవరికీ అభ్యంతరం రాలేదు, రాకూడదు కూడా. ఖాతాదారు ఎవరో తెలుసుకోవడం మన వృత్తిలో తొలి పాఠం. ఇక ఈ విషయం ఈ నేలకు పరాయిదని కూడా అనుకోవద్దు. వడ్డీపై ఇస్లామిక్ దృష్టిని ఆధునిక ఆర్థికశాస్త్రంతో బేరీజు వేసిన తొలి రచయితల్లో ఒకరైన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940లలో మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే ఆర్థికశాస్త్రం బోధించారు. ఈ శాస్త్రాన్ని ప్రపంచమంతా చదివేలా రాసిన నజాతుల్లా సిద్దీఖీ గోరఖ్‌పూర్‌లో పుట్టి, అలీగఢ్‌లో పాఠాలు చెప్పినవారు. మన ఆంధ్రా బ్యాంకు విలీనం కాకముందు, మరో రెండు భారతీయ బ్యాంకులతో కలిసి కౌలాలంపూర్‌లో 2012లో ఒక బ్యాంకు తెరిచింది. 1983 నుంచీ ఇస్లామిక్ బ్యాంకింగ్‌కు ప్రత్యేక చట్టమున్న దేశమది. గల్ఫ్‌లోనూ మన బ్యాంకులకు శాఖలున్నాయి. అక్కడికి బదిలీ మీద వెళ్లే అధికారి పక్క వీధిలోని పోటీదారు ఏం అమ్ముతున్నాడో తెలియకుండా వెళ్లడం ఏ వ్యాపారికీ శోభ కాదు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. కొత్తగా చేరిన క్లర్కులకు, ప్రొబేషనరీ అధికారులకు ఇచ్చే శిక్షణలో ఒక పూట కేటాయించండి. అందులో అరబ్బీ పదాల జాబితా బట్టీ పట్టించి పరీక్ష పెట్టకండి. పాలు, చేబదులు, ఉద్దెర ధరలతో మొదలుపెట్టి, మోటారుసైకిలు లెక్క బోర్డు మీద వేయించి, చట్టంలోని మూడు సెక్షన్లు చదివించి, చివరి గంటలో ఒకరిని ఖాతాదారుగా, మరొకరిని క్లర్కుగా కూర్చోబెట్టి ఆ కరపత్రం చేతికివ్వండి. వాళ్లేం మాట్లాడతారో వినండి. మతపండితుణ్ని కాకుండా, గల్ఫ్ శాఖలో పనిచేసి వచ్చిన బ్యాంకు అధికారినే పిలవండి. ఏది ధర్మమో తేల్చడం మన పని కాదు, ఏది ఏమిటో చెప్పడమే మన పని. నిజామాబాద్, జగిత్యాల, కడప, కర్నూలు, గుంటూరు, పాతబస్తీ శాఖలకు రెండు పేజీల తెలుగు, ఉర్దూ నోట్ పంపండి. వడ్డీ వద్దన్న ఖాతాదారును ఎగతాళి చేయడం దురుసు ప్రవర్తనే అవుతుందని దానిలో ఒక వాక్యం చేర్చండి.

పదవీ విరమణ తరువాత ఖాళీగా ఉండలేక ఈ పాఠాన్ని పద్నాలుగు పేజీల్లో రాసుకున్నాను. లెక్కలన్నీ మన శాఖల్లో వాడే పద్ధతిలోనే ఉన్నాయి, కరపత్రం నమూనా కూడా ఉంది, పేరు చెరిపేసి. మీలో ఏ కళాశాల అడిగినా పంపుతాను, పిలిస్తే నా ఖర్చుతో వచ్చి చెబుతాను. కుట్టుమిషన్ల పెద్దాయన ఇప్పుడు దుకాణం మనవడికి అప్పగించారు. ఖాతాలో పెద్దగా మిగలకపోయినా, వడ్డీ ఇప్పుడు మూడు నెలలకోసారి పడుతోంది కాబట్టి ఏడాదికి నాలుగుసార్లు శాఖకు వస్తున్నారని, పోయినసారి 61 రూపాయలకు ఫారం రాశారని అక్కడి క్యాషియర్ నాకు ఫోన్‌లో చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదట.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్రాంచి మేనేజరు
నిజామాబాద్ జిల్లా